నాలుగు కిటికీలు, నాలుగు వేర్వేరు లోపాలు

తాడిపత్రి దగ్గర ఒక పాఠశాలలో పనిచేసే ఉపాధ్యాయురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

వాళ్ల ఇంట్లో 2009లో కొన్న చిన్న కారు ఉంది. మామగారు పదవీ విరమణ చేసినప్పుడు వచ్చిన డబ్బుతో కొన్నారు. చూపు మందగించాక ఆయన నడపడం మానేశారు. ఇప్పుడు కోడలే నడుపుతున్నారు. బడికి, పుట్టింటికి, అనంతపురంలో మామగారి వైద్య పరీక్షలకు అన్నిటికీ అదే బండి. పదిహేనేళ్లు నిండడంతో 2024లో రిజిస్ట్రేషన్‌ను మరో అయిదేళ్లకు పొడిగించుకున్నారు. ఇంజను గురించి ఫిర్యాదు లేదు. బాధంతా కిటికీలతోనే.

డ్రైవరు పక్క అద్దం బాగానే దిగుతుంది, ఎక్కేటప్పుడు మాత్రం ఆగి ఆగి ఎక్కుతుంది. ఒక్కోసారి సగంలో నిలిచిపోయి, పది నిమిషాలు పోయాక ఏమీ జరగనట్టు పైకి వస్తుంది. ఎడమవైపు ముందు అద్దం ఒక రోజు ధడేలున తలుపులోకి పడిపోయింది. ఇప్పుడు స్విచ్ నొక్కితే మోటారు తిరిగే చప్పుడు వస్తుంది, అద్దం రాదు. ఎడమవైపు వెనకది తోచినప్పుడు పనిచేస్తుంది, ముఖ్యంగా తలుపు సగం తెరిచి పట్టుకున్నప్పుడు. కుడివైపు వెనకది ఏ స్విచ్ నొక్కినా ఉలకదు, పలకదు.

ఇటీవల అనంతపురంలో ఆసుపత్రి బయట ఆ పడిపోయిన అద్దంతోనే కారు నిలిపి లోపలికి వెళ్లారు. వాన కురిసింది. సీట్లు తడిశాయి, మామగారి పాత రిపోర్టులు తడిసి ముద్దయ్యాయి. ఆ సాయంత్రం భర్త, తండ్రి ఎదుటే, "ఈ డబ్బాను అమ్మేద్దాం" అన్నారు. అప్పటి నుంచి మామగారు ఆ కారు ఎక్కడం లేదు. పరీక్షలకు బస్సులో వెళతానంటున్నారు. మెకానిక్‌కు చూపిస్తే, పాత బండి కదా, నాలుగు మోటార్లూ స్విచ్‌లూ మొత్తం మార్చాలి, రూ.18,000 అవుతుందన్నాడు. వీటికి తోడు మరో సంఘటన. నాలుగేళ్ల కొడుకు వెనక సీట్లో మోకాళ్ల మీద నిలబడి బయటికి చూస్తుండగా మోకాలు స్విచ్ మీద పడింది. ఎడమవైపు అద్దం పైకి లేచి మోచేయి ఇరుక్కుంది. అద్దం దానంతట అదే ఆగిపోవడంతో దెబ్బ తగలలేదు.

"మెకానిక్ మాట నమ్మాలా, మా వారి మాట వినాలా? మామయ్య మనసు కష్టపెట్టకుండా దీనిలోంచి ఎలా బయటపడాలి?" అని అడిగారు.

అమ్మా,

మీరు ఉత్తరం చివర రెండు వాక్యాల్లో ముగించిన విషయంతోనే మొదలుపెడతాను. పిల్లవాడి మోచేయి.

ఇప్పుడు వస్తున్న కొన్ని కార్లలో, పైకి వెళ్లే అద్దానికి అడ్డు తగిలితే దానంతట అదే కిందికి దిగే ఏర్పాటు ఉంటుంది. మీ కారు కాలం నాటి చిన్న బండ్లలో సాధారణంగా అది ఉండదు. స్విచ్ మీద ఒత్తిడి ఉన్నంతసేపూ మోటారు తోస్తూనే ఉంటుంది, మధ్యలో ఉన్నది చేయా మెడా అని దానికి తెలియదు. మీ వాడి విషయంలో అద్దం ఆగిపోయిందంటే ఆ కిటికీ సరిగా పనిచేయకపోవడమే కారణం. రేపు దాన్ని బాగుచేయిస్తే అదే మోటారు పూర్తి బలంతో తోస్తుంది. అందుకే మరమ్మతుకు ముందే ఇంట్లో అందరికీ కొన్ని అలవాట్లు పడాలి.

డ్రైవరు తలుపు మీద, స్విచ్‌ల పక్కనే, మిగతా కిటికీలను ఆపేసే బొత్తాం ఒకటి ఉంటుంది. చాలా కార్లలో అది నొక్కి ఉంచితే ఇతర తలుపుల మీది స్విచ్‌లు పనిచేయవు. డ్రైవరు చేతిలో మాత్రమే అద్దాలు ఉంటాయి. పిల్లవాడు కారులో ఉన్నంతసేపూ అది నొక్కే ఉండాలి. అద్దం ఎక్కించే ముందు వెనక్కి తిరిగి చూడాలి. కారు దిగితే, ఒక్క నిమిషం పనికైనా సరే, తాళంచెవి మీతో రావాలి, పిల్లవాడూ మీతో రావాలి. మన ఎండల్లో మూసి ఉన్న కారు లోపల వేడి కొద్ది నిమిషాల్లోనే పసివాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది. మిగతా విషయాల్లో మీ ముందు రెండు మూడు దారులు పెడతాను. దీనిలో మాత్రం ఒకటే దారి.

ఇక మెకానిక్ మాట. నాలుగు కిటికీలు నాలుగు రకాలుగా ప్రవర్తిస్తున్నాయని మీరే ఎంతో వివరంగా రాశారు. ఒకే లోపమైతే నాలుగూ ఒకేలా మొరాయించేవి. ఇక్కడ ఉన్నవి నాలుగు వేర్వేరు లోపాలు. వాటిలో రెండు దాదాపు ఖర్చు లేనివి, ఒకటి ఖచ్చితంగా సామాను కొనాల్సినది, ఒకటి పరీక్షించి చూడాల్సినది. మీరు రాసినదాన్ని బట్టే, ఒక్క స్క్రూ విప్పకుండా, ఇంతవరకు చెప్పవచ్చు.

తలుపు లోపల ఏముందో ముందు తెలిస్తే మిగతాది సులువు. అద్దం రెండు పక్కలా రబ్బరు గాడిలో జారుతుంది. దాన్ని పైకీ కిందికీ మోసేది రెగ్యులేటర్ అనే ఇనుప అమరిక. కొన్ని కార్లలో అది కత్తెరలా ముడుచుకునే చేతులతో, మరికొన్నిటిలో సన్నని ఉక్కు తీగ, ప్లాస్టిక్ చక్రాలతో ఉంటుంది. దాన్ని తిప్పేది 12 వోల్టుల చిన్న మోటారు. ఆ మోటారుకు రెండే వైర్లు. ఒక దిశలో విద్యుత్తు పంపితే అద్దం ఎక్కుతుంది, దిశ మారిస్తే దిగుతుంది. ఆ దిశ మార్చే పనే స్విచ్‌ది. ఇవి కాక ఒక ఫ్యూజు, కొన్ని కార్లలో ఒక రిలే (చిన్న విద్యుత్తుతో పెద్ద విద్యుత్తును కలిపే స్విచ్ లాంటిది), బాడీ నుంచి తలుపులోకి వెళ్లే వైర్లు ఉంటాయి. అంతే. మొత్తం మార్చాలని ఎవరైనా అంటే, వీటిలో ఏది పాడైందో ఏ పరీక్ష చేసి తెలుసుకున్నారని అడిగే హక్కు మీకుంది.

డ్రైవరు పక్క అద్దం సంగతి ముందు చూద్దాం. దిగేటప్పుడు అద్దం బరువే సాయం చేస్తుంది, ఎక్కేటప్పుడు మోటారు ఒంటరిగా మోయాలి. గాడిలో రాపిడి పెరిగితే ముందుగా తెలిసేది ఎక్కేటప్పుడే. సగంలో ఆగి పది నిమిషాల తర్వాత మళ్లీ పనిచేయడానికి కూడా కారణం ఉంది. ఇలాంటి మోటార్ల లోపల వేడి హద్దు దాటితే విద్యుత్తును ఆపేసే రక్షణ ఉంటుంది. బరువు మోయలేక మోటారు వేడెక్కుతుంది, రక్షణ పడుతుంది, చల్లారాక వదులుతుంది. అంటే మీ మోటారు చెడిపోలేదు. చెడిపోకుండా తనను తాను కాపాడుకుంటోంది. ఇలాగే ఇంకా కొన్నాళ్లు లాగిస్తే నిజంగానే కాలిపోతుంది.

నిర్ధారణకు చిన్న పరీక్ష. ఇంజను నడుస్తుండగా ఒకరు స్విచ్ నొక్కాలి, మరొకరు రెండు అరచేతులనూ అద్దానికి చెరోవైపు ఆనించి పైకి సాయం పట్టాలి. వేళ్లు పై అంచు దగ్గరికి వెళ్లకూడదు. సాయంతో అద్దం చకచకా ఎక్కితే లోపం చాలావరకు గాడిలోనే ఉన్నట్టు. ఇంజను ఆపినప్పుడు మరీ నీరసంగా, నడిచేటప్పుడు కాస్త మెరుగ్గా ఉంటే బ్యాటరీని కూడా చూపించండి. నిండుగా ఉన్న బ్యాటరీ ఇంజను ఆగి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు ఇస్తుంది. ఇంజను నడుస్తుంటే ఛార్జింగ్ వల్ల అది 13.5 నుంచి 14.5 దాకా ఉంటుంది. ఆ తేడా మోటారు వేగంలో కనిపిస్తుంది.

గాడి ఎందుకు బిగుసుకుందో మీ ఊరివాళ్లకు నేను చెప్పాలా? తాడిపత్రి చుట్టూ నాపరాళ్లు కోసి పాలిష్ చేసే యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు. అటు ఎర్రగుంట్ల, ఇటు బేతంచెర్ల, ఎక్కడ చూసినా రాతి పొడి. ఆ సున్నపురాయి పొడి గాజు కంటే మెత్తనిది కాబట్టి అద్దం మీద గీతలు పెట్టదు. కానీ రబ్బరు గాడిలో చేరి, కాస్త తేమ తగిలితే అట్టకట్టి కూర్చుంటుంది. గీతలు పెట్టేది దానితో కలిసి వచ్చే ఇసుక. అద్దం మీద నిలువు గీతలు కనిపిస్తున్నాయంటే అద్దాన్ని ఒరుసుకునే రబ్బరు పట్టీలో (బీడింగు) ఇసుక రేణువులు ఇరుక్కున్నాయని అర్థం. దీనికి తోడు నెలల తరబడి ఎండ. రబ్బరు ఎండి గట్టిపడుతుంది, అద్దాన్ని జారనివ్వడం మాని పట్టుకుంటుంది. ఆషాఢం గాలులకు రోడ్డు మీది దుమ్మంతా ఆ గాడుల్లోకే వెళుతుంది. ఏ కంపెనీ కారైనా మన ప్రాంతంలో తిరిగితే ఈ పని తప్పదు.

శుభ్రం చేయడానికి షెడ్డుకు వెళ్లనక్కర్లేదు. అద్దం పూర్తిగా దించండి. పాత టూత్‌బ్రష్‌తో గాడిలోని పొడిని ముందు పొడిగానే రాల్చండి. తర్వాత పలుచని గుడ్డను స్కేలుకు చుట్టి, గోరువెచ్చని సబ్బునీళ్లలో ముంచి గట్టిగా పిండి, ముందు వెనక నిలువు గాడులు, పైగాడి తుడవండి. మొదట గుడ్డకు బురదలాంటి మడ్డి వస్తుంది. గుడ్డ మార్చుకుంటూ, శుభ్రంగా బయటికి వచ్చేదాకా తుడవండి. పూర్తిగా ఆరనిచ్చి, సిలికాన్ స్ప్రేను సన్నని గొట్టంతో గాడి పొడవునా కొట్టి, అద్దాన్ని కొన్నిసార్లు పైకీ కిందికీ ఆడించి, అద్దం మీద పడ్డ తడిని తుడిచేయండి. డ్రైవరు ఎదుటి పెద్ద అద్దం మీద ఆ స్ప్రే పడకుండా చూసుకోండి, రాత్రిపూట ఎదురు లైట్లకు మసకగా కనిపిస్తుంది.

ఇంజను ఆయిల్, గ్రీజు, కొబ్బరినూనె మాత్రం వద్దు. కొందరు మెకానిక్‌లు కూడా ఆయిల్ పోస్తారు. ఆ రోజుకు అద్దం అద్భుతంగా జారుతుంది. నెల తిరిగేసరికి జిడ్డుకు దుమ్మంతా పట్టి ముందుకంటే ఘోరంగా తయారవుతుంది. పైగా పెట్రోలియం నూనెలకు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. గ్రీజు అవసరమైనది రెగ్యులేటర్ ఇనుప పట్టాలకు, చక్రాలకు. అది తలుపు విప్పినప్పుడు చేయించే పని.

ఎడమవైపు ముందు అద్దం విషయంలో అనుమానం తక్కువ. మోటారు తిరిగే చప్పుడు వస్తోంది, అంటే ఫ్యూజు, స్విచ్, వైర్లు, మోటారు అన్నీ బాగున్నాయి. అద్దం ధడేలున పడింది కాబట్టి రెగ్యులేటర్ తీగ తెగిందో, అద్దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ ముక్క విరిగిందో, రోలరు పట్టా తప్పిందో అయి ఉండాలి. ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్ విరగడం చాలా మామూలు. ఈ తలుపుకు కొత్త మోటారు కావాలన్న మాట ఇక్కడే వీగిపోతుంది.

బాగుచేయించడానికి దారులు ఉన్నాయి. మోటారుతో కలిపి కొత్త రెగ్యులేటర్ సెట్టు వేస్తే పని త్వరగా అవుతుంది, మళ్లీ విప్పాల్సిన అవసరం తక్కువ, కానీ బాగున్న మోటారుకు కూడా డబ్బు పెడుతున్నట్టు. రెగ్యులేటర్ ఒక్కటే విడిగా దొరికితే మీ మోటారునే దానికి బిగించవచ్చు. నేనైతే ఇదే ముందు వెతుకుతాను. పాత సామాను దుకాణంలో అదే మోడల్ తలుపు నుంచి తీసినది చవకగా రావచ్చు, కానీ దాని ప్లాస్టిక్ కూడా మీ కారుదంత పాతదే, ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. తెగిన తీగను స్థానికంగా మార్చి ఇచ్చేవాళ్లూ ఉంటారు. చేయి తిరిగినవాడైతే బాగానే నిలుస్తుంది, కాకపోతే తీగ వదులై చుట్టులోంచి జారి మళ్లీ మొదటికే వస్తుంది. ఏ దారి పట్టినా అద్దాన్ని బయటికి తీయాల్సిందే కాబట్టి, అదే కూలితో గాడిలోని రబ్బరు ఛానల్ ఎలా ఉందో చూపించుకుని, అరిగిపోయి ఉంటే మార్పించండి.

అంతవరకు ఆ స్విచ్ ఎవరూ నొక్కవద్దు. తెగిన తీగతో మోటారు తిరిగే కొద్దీ ఆ తీగ చుట్టులో చిక్కుపడి బాగున్న భాగాన్ని కూడా విరుస్తుంది. తలుపు లోపలివైపు కప్పి ఉండే డోర్ ప్యాడ్ విప్పించి, అద్దాన్ని పైకి లేపి, కింద గట్టి ఆధారం పెట్టి నిలబెట్టమని, మోటారు కనెక్టర్ ఊడదీసి ఉంచమని చెప్పండి. ఉత్త టేపుతో ఆపిన అద్దం గతుకుల రోడ్డు మీద మళ్లీ పడిపోతుంది. మీరు మీరుగా విప్పాలనుకుంటే బ్యాటరీ తీగ ఊడదీయకుండా తలుపు లోపల చేయి పెట్టవద్దు. లోపలి రేకు అంచులు చేయి కోస్తాయి, అనుకోకుండా కదిలిన రెగ్యులేటర్ వేళ్లను నలుపుతుంది.

ఎడమవైపు వెనక కిటికీ అసలు రహస్యాన్ని మీరే బయటపెట్టారు. తలుపు ఒక కోణంలో ఉంటే పనిచేస్తుంది, మిగతా సమయంలో నమ్మకం లేదు. తలుపు కీళ్ల దగ్గర, బాడీకీ తలుపుకూ మధ్య ముడతలు ముడతలుగా ఒక రబ్బరు గొట్టం కనిపిస్తుంది. వైర్లు వెళ్లేది దానిలోంచే. తలుపు తెరిచి మూసిన ప్రతిసారీ అవి వంగుతాయి. ఇన్నేళ్లకు ఏదో ఒక వైరు లోపల తెగి, పై ప్లాస్టిక్ తొడుగు మాత్రం మిగిలి ఉంటుంది. గొట్టాన్ని ఒక పక్క ఊడదీసి, వైర్లను ఒక్కొక్కటిగా మెల్లగా లాగితే తెగినది సాగినట్టు వస్తుంది. దీనికి ఆటో ఎలక్ట్రీషియన్ చాలు. కొంచెం పొడవు ఎక్కువ ఉండేలా కొత్త వైరు ముక్క కలిపి, సోల్డరింగ్ చేసి, స్లీవ్ తొడగమనండి. అతుకు సరిగ్గా వంగేచోట రాకుండా గొట్టానికి ఒక పక్కకు జరగాలి. మెలితిప్పి టేపు చుడితే నాలుగు నెలలకు అదే చోట తెగుతుంది.

దీన్ని నిర్లక్ష్యం చేయకండి. పైతొడుగు పోయిన వైరు బాడీకి తగిలితే ఫ్యూజు పోతుంది. పవర్ విండోల ఫ్యూజు సాధారణంగా 20 నుంచి 30 ఆంపియర్లు ఉంటుంది. ఎంతది ఉండాలో ఫ్యూజు బాక్సు మూత మీద రాసి ఉంటుంది. మాటిమాటికీ పోతోందని పెద్ద ఫ్యూజు వేయడం, ఇంకా దారుణంగా రాగి తీగ చుట్టడం నేను చూస్తూనే ఉన్నాను. ఆ పని చేస్తే కాలాల్సిన ఫ్యూజుకు బదులు వైరింగ్ కాలుతుంది. పిల్లవాడు కూర్చునే తలుపులో నిప్పు పుట్టించే పని అది. అలా చేస్తానన్నవాడి దగ్గరి నుంచి బండి తీసుకుని వచ్చేయండి.

కుడివైపు వెనక అద్దం గురించి దూరం నుంచి తేల్చి చెప్పలేను. పరీక్షల వరుస చెబుతాను. మొదట, పైన చెప్పిన బొత్తాం నొక్కి ఉందేమో చూడండి. అది నొక్కి ఉండగా వెనక స్విచ్‌లను పరీక్షించడం వృథా. తర్వాత స్విచ్. చాలా కార్లలో వెనక రెండు తలుపుల స్విచ్‌లూ ఒకే రకం. ఎడమది తీసి కుడివైపు పెట్టి చూస్తే స్విచ్ సంగతి పైసా ఖర్చు లేకుండా తేలిపోతుంది. ఆపైన చాలామంది మెకానిక్‌లు చూడని చోటు ఒకటుంది. పాత కార్లలో సాధారణంగా వెనక తలుపు స్విచ్ నొక్కినా, విద్యుత్తు తిరిగి వెళ్లే దారి డ్రైవరు తలుపు మీది స్విచ్‌ల గుండానే ఉంటుంది. అక్కడి కాంటాక్టుల మీద దుమ్మో తుప్పో పేరుకుంటే వెనక కిటికీ రెండు చోట్ల నుంచీ పనిచేయదు. డ్రైవరు తలుపు మీద ఆ కిటికీ స్విచ్‌ను పైకీ కిందికీ బాగా ఆడించి చూడండి. ఒక్కసారైనా అద్దం కదిలితే దొంగ అక్కడే ఉన్నాడు. కాంటాక్టులు శుభ్రం చేసే స్ప్రేతో బాగుపడే అవకాశం ఉంది.

అదీ కాకపోతే డోర్ ప్యాడ్ విప్పాలి. మోటారు కనెక్టర్ దగ్గర రెండు వైర్ల మధ్య టెస్ట్ ల్యాంప్ (విద్యుత్తు వస్తోందో లేదో చూపే చిన్న బల్బు) పెట్టి స్విచ్ నొక్కితే ల్యాంపు వెలగాలి, పైకి నొక్కినా కిందికి నొక్కినా. వెలిగితే విద్యుత్తు అక్కడిదాకా వస్తోంది, లోపం చాలావరకు మోటారులో ఉన్నట్టు. వెలగకపోతే మోటారును వదిలేసి వెనక్కి, వైర్ల వైపు వెతకాలి. మోటారులోనే అని తేలితే, స్విచ్ నొక్కి పట్టి స్క్రూడ్రైవరు పిడితో మోటారును మెల్లగా తట్టమనండి. కదిలితే లోపల తిరిగే భాగానికి విద్యుత్తు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండవచ్చు. వాటిని మార్చగల ఎలక్ట్రీషియన్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. కొత్త మోటారు మాట అప్పటికీ ఫలితం లేకపోతేనే.

మీ మెకానిక్ మోసగాడని నేను అనను. విడివిడిగా వెతకడానికి సమయం పడుతుంది, ఒకటి బాగుచేస్తే మరునెల ఇంకొకటి పోయి మాట పడాల్సి వస్తుందని కొందరు మొత్తం మార్చేయమంటారు. కానీ ఈ పని ఇంజను పనివాడిది కాదు, ఆటో ఎలక్ట్రీషియన్‌ది. తాడిపత్రిలోనో అనంతపురంలోనో వైరింగ్ పని మాత్రమే చేసేవాడి దగ్గరికి వెళ్లండి. ఒక్కో తలుపుకు విడిగా ధర అడగండి, తీసిన పాత సామాను మీకు చూపించమనండి. డోర్ ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ షీటు అంటించి ఉంటుంది. దాన్ని చింపి పారేయకుండా మళ్లీ సరిగా అంటించమని ముందే చెప్పండి. అద్దం మీది వాననీరు తలుపు లోపలికి దిగడం మామూలే. తలుపు అడుగున ఉన్న చిన్న రంధ్రాల గుండా అది బయటికి పోవాలి. ఆ షీటు లేకపోతే నీరు కారు లోపలికి, స్పీకర్లలోకి వస్తుంది. ఆ రంధ్రాలు మట్టితో మూసుకుపోతే తలుపు అడుగు తుప్పు పడుతుంది. వానాకాలానికి ముందు పుల్లతో ఒకసారి పొడిచి చూడటం మీరే చేసుకోవచ్చు.

ఇప్పుడు మీ వారి మాట, మామగారి మనసు.

ముందు మీకున్న దారులు చూడండి. గాడులు శుభ్రం చేయడం, వైరు అతికించడం, ఒక రెగ్యులేటర్ వేయించడం, నాలుగోది పరీక్షించి అవసరమైనంత చేయించడం మొదటి దారి. చెప్పిన రూ.18,000లో ఎక్కువ భాగం మిగులుతుందని నా నమ్మకం. రెండోది, ముందు రెండు కిటికీలు, వెనక ఎడమదాని వైరు బాగుచేయించి, వెనక కుడిదాన్ని మూసిన స్థితిలో వదిలేయడం. కొన్నాళ్లకు ఫరవాలేదు, ఏసీ పనిచేస్తున్నంతవరకు. శాశ్వతంగా అలా వదిలేయడం నాకు ఇష్టం లేదు. మనది వానలు లేని సీమ అంటారు గాని, ఒక్క రాత్రి వానకు వంకలు పొంగి రోడ్లు మునగడం మనకు కొత్త కాదు. 2021 నవంబరులో చెయ్యేరు నది వరద ఏం చేసిందో కడప జిల్లా చూసింది. నీళ్లలో ఇరుక్కున్న కారులో పవర్ విండోలు ఎంతసేపు పనిచేస్తాయో చెప్పలేం, తెరుచుకోని కిటికీ ఒకటి తగ్గిన దారే. పక్క అద్దాలు పగలగొట్టే చిన్న సుత్తి ఒకటి డ్రైవరు చేతికి అందేచోట ఉంచుకోండి, కొట్టాల్సింది మధ్యలో కాదు, మూల దగ్గర. మూడో దారి, మీ మోడల్‌లో చేత్తో తిప్పే పిడి ఉన్న రకం కూడా వచ్చి ఉంటే, వెనక రెండు తలుపులకు ఆ రెగ్యులేటర్లు వేయించడం. మోటారు, వైర్ల గొడవ అక్కడితో పోతుంది, పిల్లవాడి చేయి ఇరుక్కునే భయమూ తగ్గుతుంది. కానీ డోర్ ప్యాడ్‌కు రంధ్రం చేయాలి లేదా ప్యాడే మార్చాలి, డ్రైవరు సీటు నుంచి వెనక అద్దాలు మీ చేతిలో ఉండవు.

నాలుగోది అమ్మడం. అది తప్పు నిర్ణయమేమీ కాదు. కానీ పడిపోయిన అద్దంతో అమ్మితే, కొనేవాడు మిగతా కారును కూడా ఆ అద్దంతోనే అంచనా వేస్తాడు. అమ్మాలనుకున్నా ఖర్చు తక్కువైన ఆ రెండు కిటికీలూ, ఆ రెగ్యులేటరూ చేయించి అమ్మితే నష్టం తగ్గుతుంది. పైగా రిజిస్ట్రేషన్ 2029 దాకా ఉంది, ఆ పొడిగింపు ఖర్చు మీరు ఇప్పటికే పెట్టేశారు. కారు ఉంచాలా వద్దా అన్నది నిర్ణయించాల్సింది కిటికీలను బట్టి కాదు. బ్రేకులు, స్టీరింగ్, అడుగుభాగం తుప్పు, టైర్లు ఒకసారి నమ్మకమైనవాడితో చూపించండి. అక్కడ పెద్ద లోపం ఉంటే, అద్దాలు ఎంత చక్కగా జారినా, పసివాడిని ఎక్కించే బండి కాదది. అప్పుడు మీ వారి మాటే సరైనది.

మీ వారు "డబ్బా" అన్నది మామగారిని కాదు. తడిసిన సీటు, కొడుకు మోచేయి, మీరు ఒంటరిగా నడిపే దారి, ఇవన్నీ ఆ మాటలో ఉండి ఉంటాయి. కానీ ఆ మాట విన్న పెద్దాయనకు అలా వినిపించదు. తన ఉద్యోగ జీవితం చివర చేతికి వచ్చిన డబ్బుతో ఇంటికి తెచ్చిన వస్తువు అది. ఈ ఇద్దరి మధ్య మీరు కబురు మోయవలసిన పని లేదు. మాట అన్నది మీ వారు కాబట్టి, ఆ మాట వెనక్కి తీసుకోవలసిందీ ఆయనే, తండ్రి దగ్గర కూర్చుని, అమ్మకం ఊసు ఎత్తకుండా. మీరు మీ వారికి చెప్పాల్సింది ఇంతే: అమ్మాలా వద్దా అన్నది బండిని పూర్తిగా చూపించాక ముగ్గురం కలిసి తేల్చుకుందాం, ఈలోగా మామయ్య బస్సు ఎక్కకూడదు. మీ వారు ఒప్పుకోకుండా బిగుసుకుంటే, మీరే మామగారి దగ్గరికి వెళ్లవచ్చు. అప్పుడు సమస్య సగమే తీరుతుంది. కొడుకు నోటి నుంచి రావలసిన మాట కోడలి నోటి నుంచి వస్తే పెద్దవాళ్లు ఊరుకుంటారు గాని మరచిపోరు.

మామగారికి ఒక పని అప్పగించండి, ఊరడింపు కోసం కాదు, నిజంగా అవసరం కాబట్టి. ఆ కారు తలుపులు ఎప్పుడు విప్పారో, ఏ మోటారు ఎప్పుడు మార్చారో, ఎక్కడ వైరింగ్ చేయించారో ఇంట్లో తెలిసినది ఆయనకే. ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లేముందు అవన్నీ ఒక కాగితం మీద రాయించుకుంటే ఆ పనివాడికి సగం వెతుకులాట తప్పుతుంది. గాడులు తుడిచేటప్పుడు అద్దం ఎక్కే చప్పుడులో తేడా పట్టుకోవడానికి చూపు అక్కర్లేదు, ఆ కారును అన్నేళ్లు నడిపిన చెవి చాలు. ఆయన రానంటే బలవంతం చేయకండి. ఎడమవైపు ముందు అద్దం బాగయ్యాక, తర్వాతి పరీక్షల రోజున మీ వారే తలుపు తీసి పిలిస్తే వస్తారేమో చూడండి.

ఖర్చుకు ఒక హద్దు మీ ముగ్గురూ ముందే అనుకోండి. కిటికీలన్నిటికీ కలిపి ఇంతకు మించి పెట్టం అని. లేకపోతే మీ వారికి ప్రతి బిల్లూ ఒక వాదన అవుతుంది, మామగారికి ప్రతి వాదనా ఒక దెబ్బ అవుతుంది.

వచ్చే సెలవు రోజున గాడుల పని, వెనక స్విచ్‌ల మార్పిడి పరీక్ష చేసి చూడండి. ఆ తర్వాత ఎలక్ట్రీషియన్ కుడివైపు వెనక మోటారు దగ్గర ల్యాంపు పెట్టినప్పుడు అది వెలిగిందో లేదో నాకు రాయండి. వెలిగితే ఆ మోటారుకు ఏమి చేయాలో, వెలగకపోతే వైరును ఎక్కడి నుంచి వెతకాలో అప్పుడు వివరంగా చెబుతాను.